తోడేలు మెడలో గంట

నేను దేశదేశాల జానపద కథలను పిల్లల కోసం తిరగరాస్తుంటాను. మొన్న ఒక మేక కథ రాసిచ్చాను. తోడేలు వేసిన ఒట్టు నమ్మి మేక తలుపు తీస్తుంది. తోడేలు దాన్ని తినేసి, దాని గంటను తన మెడలో కట్టుకుని పక్కింటి తలుపు తడుతుంది. అంతే కథ.

అచ్చయి వచ్చిన పుస్తకం తెరిస్తే ఒళ్ళు మండిపోయింది. చివరి పేజీలో తోడేలు మేకను క్షమాపణ అడిగిందట, రెండూ ప్రాణస్నేహితులయ్యాయట! వెంటనే సంపాదకుడికి ఫోన్ చేశాను.

"పిల్లలు జడుసుకుంటారని కాస్త మెత్తగా మార్చాం మేడమ్," అన్నాడు.

"ఎవరికి పడితే వాళ్ళకి తలుపు తీయకండర్రా అని చెప్పడానికే కదయ్యా ఈ కథ పుట్టింది! మీరేమో తోడేలుకి పీట వేసి కూర్చోబెట్టారు!"

"గోరంతని కొండంత చేస్తున్నారు మీరు."

"సరే, మరి బొమ్మలు కూడా మార్చారా?"

"లేదండీ, అవి ముందే వేయించేశాం. ముట్టుకోలేదు."

"అయితే ఆ చివరి పేజీ ఒకసారి తెరిచి చూడండి."

పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. 'ఆనాటి నుంచి రెండూ కలిసిమెలిసి ఉన్నాయి' అన్న వాక్యం పైన, పొట్ట ఉబ్బిన తోడేలు మెడలో గంటతో పక్కింటి తలుపు ముందు నిలబడి నవ్వుతోంది.



"చదవడం రాని పిల్లలు బొమ్మే చూస్తారు నాయనా. వాళ్ళకి జరిగింది తెలిసిపోతుంది," అన్నాను. "మోసపోయేది చదువొచ్చిన వాళ్ళే."