ఇంట్లో ఉండిపోయిన గొంతు

చిలకలపూడిలో రోల్డుగోల్డు పనివాళ్ళ సందు చివర, ఎస్తేరు అద్దెకుంటున్న గదిలో పొద్దున్న ఏడయ్యేసరికి ఎక్కాలు మొదలయ్యేవి. "పన్నెండొకట్ల పన్నెండు" అని ఒక ఆడగొంతు అనేది. దాని వెనకే రెండు చిన్నగొంతులు అందుకునేవి. ఎక్కాలయ్యాక తెలుగు వాచకం, ఆ తర్వాత సైన్సు, మధ్యలో చద్దన్నానికి అరగంట విరామం. బడి పద్ధతంటే బడి పద్ధతే. గంట కొట్టేవాడొక్కడే తక్కువ.

పాఠం చెప్పే గొంతు ఎస్తేరు కూతురు కృపాకుమారిది. ఆ వేళకి కృపాకుమారి మాత్రం ఇంట్లో ఉండేది కాదు. రెండు మైళ్ళ అవతల, బందరు ఊళ్ళో ఒక ఆస్పత్రిలో, ఆడవాళ్ళ వార్డులో, నీలం అంచు తెల్లచీర కట్టుకుని దుప్పట్లు మారుస్తూ ఉండేది. నర్సింగు రెండో ఏడు చదువుతోంది. వార్డులో ఒక్క మాటా మాట్లాడేది కాదు. అణకువ వల్లేమీ కాదు. గొంతు ఇంటి దగ్గర ఉండిపోయింది, అంతే.

కృపది పాలకాయతిప్ప పక్కన ఒక చిన్న పల్లె. పదిహేడేళ్ళకి పెళ్ళయింది, ఇద్దరాడపిల్లలు పుట్టారు. మొగుడు అనిల్ కుమార్ లారీ ఎక్కి రాజమండ్రి వైపు వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఏడ్చి ఏడ్చి విసుగొచ్చాక కృప ఇంటరు ప్రైవేటుగా కట్టి ప్యాసయింది, నర్సింగుకి అప్లికేషను తెప్పించుకుంది. అందులో ఒక ముక్క ఉంది. పెళ్ళికాని ఆడపిల్లలకే సీటు, హాస్టల్లోనే ఉండాలి. కృప దగ్గర పదహారో ఏట తీసుకున్న బాప్తిస్మం సర్టిఫికెట్టు ఉంది. అందులో ఆమె ఇంకా పుట్టింటి పేరుతో, పెళ్ళికాని పిల్లగానే ఉంది. ఆ కాగితం జతచేసి, 'అవివాహిత' అన్నచోట టిక్కు పెట్టింది. దేవుడి సంతకంతో అబద్ధమాడుతున్నానని ఆమెకి తెలుసు. తెలిసే పెట్టింది.

సీటొచ్చింది. ఇక పిల్లలు. పెద్దది షారోనుకి పదకొండు, చిన్నది బ్యూలాకి ఏడు. పల్లెలో వదిలేస్తే కళ్ళతో చూసుకోవడానికి కూడా కుదరదని తల్లినీ పిల్లల్నీ చిలకలపూడి తెచ్చి పెట్టింది. బళ్ళో మాత్రం వెయ్యలేదు. ఎందుకంటే నర్సింగు పిల్లలు నెలకోసారి ఊళ్ళో బళ్ళన్నీ తిరిగి, పిల్లలకి పళ్ళూ కళ్ళూ చూసి, నులిపురుగుల మాత్రలు మింగించి వస్తారు. వరసలో నిలబడ్డ పిల్ల ఒక్కటి "అమ్మా" అందంటే కొంప మునుగుతుంది. అందుకని ఇంట్లోనే చదివించి, షారోను చేత ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయిద్దామనుకుంది. చదివించేది ఎవరంటే, ఎస్తేరుకి అక్షరమ్ముక్క రాదు.

హాస్టలుకి బయల్దేరిన రోజున బ్యూలా కొంగు పట్టుకుని వదల్లేదు. కృప గడప దాటి, వెనక్కి తిరిగి, వెళ్ళొస్తానమ్మా అనబోతే మాట రాలేదు. గదిలోంచి మాత్రం స్పష్టంగా వినిపించింది. "ఏడుపాపి పలక తియ్యి. అఆలు రాయి." బ్యూలా కొంగు వదిలేసి పలక తీసింది. ఎస్తేరు గదిలోకోసారి, కూతురి వైపోసారి చూసి, "సరేలే, అది ఇక్కడుంటుంది. నువ్వెళ్ళు, బస్సెళ్ళిపోద్ది" అంది.

అప్పట్నుంచీ అంతే. ఆదివారం చర్చి అయ్యాక కృప ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగితే గొంతు ఒంట్లోకి వచ్చేది. సాయంత్రం గడప దాటితే మళ్ళీ ఇంట్లో దిగబడిపోయేది. దానికి కళ్ళు లేవు, చేతుల్లేవు. బెత్తం భయం లేదు కాబట్టి పిల్లలు నోటితో ఎక్కం చెబుతూ పలకమీద పిల్లిబొమ్మలు వేసేవాళ్ళు. "అమ్మా, రాస్తున్నారా?" అని గొంతు అడిగితే, గాజులకి రాళ్ళతికే పని వదలకుండానే ఎస్తేరు, "రాస్తన్నారే. ఏం రాస్తన్నారో నాకేం తెలుసు" అనేది. పక్కింటి వాళ్ళు తమ పిల్లని కూడా పంపించారు. ఇంగ్లీషు కూడా చెప్పమని కబురంపారు.

ఆస్పత్రిలో ఆయా నాంచారమ్మ మొదటి రోజే కనిపెట్టింది. "గొంతు ఇంటికాడ పెట్టొచ్చావా పాపా? మంచి పని చేశావు. అరిచి అరిచి మాయి అరిగిపోయినియ్యి" అంది. రోగులకైతే కసురుకోని నర్సమ్మ దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది. ట్యూటరు విజయకుమారి గారు పద్ధతి గల మనిషి. పిలిచి అడిగారు.

"గొంతు ఇంట్లో ఎందుకుంచావు?"

కృప కాగితమ్మీద రాసింది. 'మా అమ్మకి చూపు ఆనదండీ. బైబిలు చదివి పెట్టడానికి.'

విజయకుమారి గారి మొహం మెత్తబడిపోయింది. "మంచిదమ్మా. మొదటేడు ఎలాగూ రాతపరీక్షలే. రెండో ఏడు వైవా ఉంటుంది, ఆ రోజుకి మాత్రం తెచ్చుకో" అన్నారు. చూపు ఆనని ఎస్తేరు ఆ పూట ఆవగింజంత రాళ్ళు నూట యాభై అతికింది.

ఒక అబద్ధానికి కాపలా కాయడానికి ఇంకో పది కావాలంటారు. పిల్లలకి కూడా నేర్పాల్సి వచ్చింది. బయట ఎక్కడ కనిపించినా అమ్మా అనకూడదు, అక్కా అనాలి. ఆ పాఠం చెప్పడానికి గొంతు ఒప్పుకోలేదు. ఒక ఆదివారం కృప ఎన్నిసార్లు నోరు తెరిచినా గాలే వచ్చింది. చివరికి పలకమీద 'అక్క' అని రాసి, తన గుండెమీద చెయ్యి వేసుకుని చూపించింది. షారోను పలక వంక, తల్లి వంక చూసి బుర్ర ఊపింది. తెలివైన పిల్ల. ఆ తెలివి చూసి సంతోషించాల్సిన తల్లి, పలక తుడిచేసి దొడ్లోకి వెళ్ళి కూచుంది.

రెండో ఏడు సంక్రాంతి వెళ్ళాక ఓ శనివారం, కృప హాస్టలు పిల్లలతో కలిసి కోనేరు సెంటర్లో రిబ్బన్లు కొంటోంది. అతికిన గాజులు ఇవ్వడానికి ఎస్తేరు పిల్లల్ని వెంటబెట్టుకుని అటే వచ్చింది. ముందు చూసింది బ్యూలా. రెండు చేతులూ చాపి పరిగెత్తుకొచ్చింది. నోట్లోంచి "అమ్" దాకా వచ్చింది. షారోను వెనకనుంచి గౌను పట్టి లాగి, "అక్కా, బాగున్నావా? నాయనమ్మ గాజులివ్వడానికొచ్చాం" అంది, నవ్వుతూ. ఎస్తేరు వాళ్ళకి అమ్మమ్మ. అమ్మమ్మలో కూడా అమ్మ వినబడుతుందని, నేర్పని ముక్క కూడా కలిపింది ఆ పిల్ల.

"మీ చెల్లెళ్ళా కృపా? అచ్చం నీ పోలికే" అంది పక్కనున్న అమ్మాయి. కృప అవునన్నట్టు తలూపింది. బ్యూలా నడిరోడ్డు మీద నిక్కరు తడుపుకుంది. దాన్నెత్తుకుని కడగాల్సిన తల్లి, రిబ్బన్లు చేతిలో పట్టుకుని నిలబడి చూసింది. అదేమీ గొంతు లేకపోవడం వల్ల కాదు. కాళ్ళూ చేతులూ ఒంటికే ఉన్నాయి.

మర్నాడు ఇంటికెళ్తే షారోను ఎదురొచ్చి, "బాగా చెప్పాను కదమ్మా?" అని అడిగింది. మెచ్చుకుంటుందని మొహం వెలిగిపోతోంది. నీళ్ళు తాగినా కృపకి గొంతు రాలేదు. పిల్ల తల నిమిరి ఊరుకుంది. సిగ్గంటే ఏమిటో అప్లికేషను మీద టిక్కు పెట్టిన రోజున ఆమెకి కొంత తెలిసింది. మిగతాదంతా ఆ రోజు తెలిసింది.

ఏప్రిల్లో షారోను పరీక్ష రాసింది. మే నెలలో కృప వైవా. ముందురోజు పర్మిషను మీద ఇంటికి వచ్చి, "ఒక్క రోజుకే" అని సైగ చేసి నీళ్ళు తాగింది. గొంతు గునిసి గునిసి వచ్చింది. ఏడాదిన్నరగా పిల్లల దగ్గరున్న గొంతాయె, కొంచెం బొంగురుపోయింది కూడా.

గుడివాడ నుంచి వచ్చిన ఎగ్జామినరు అరుణకుమారి గారు పెద్దావిడ. పక్క కుర్చీలో విజయకుమారి గారు కూర్చున్నారు.

"ఏడేళ్ళ పిల్లకి విరోచనాలు. తల్లికి ఓఆర్ఎస్ కలపడం నేర్పాలి. నేనే ఆ తల్లిననుకుని చెప్పు" అన్నారు అరుణకుమారి గారు.

కృప నోరు తెరిచింది. గొంతు తనకలవాటైన దారిలో వెళ్ళింది.

"ముందు చేతులు కడుక్కోండి. సబ్బుతో. లీటరు నీళ్ళు కాచి చల్లార్చండి. బ్యూలా, లీటరుకి మన గ్లాసుతో ఎన్ని గ్లాసులు? అయిదు. మొన్న నాలుగన్నావు. ప్యాకెట్టంతా ఒకేసారి కలపాలి, సగం దాచకూడదు. షారోనూ, కిటికీలోంచి చూసింది చాలు. చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి. వాంతయితే పది నిమిషాలాగి మళ్ళీ పట్టాలి. కళ్ళు లోపలికి పోయినా, ఒంటికి వెళ్ళకపోయినా అమ్మమ్మని లేపి రిక్షా పిలవండి. భయపడకూడదు. అమ్మ ఆదివారం దాకా రాదు కదా, మీరే చూసుకోవాలి."

కృప నోరు మూసుకునేసరికే ఆలస్యమైపోయింది. అరుణకుమారి గారు పెన్ను కింద పెట్టారు.

"చాలా బాగా చెప్పావు. ఎవరమ్మా వీళ్ళు?"

విజయకుమారి గారు అందుకున్నారు. "చెల్లెళ్ళండీ. మా పిల్లలు బజార్లో చూశారట. అంతే కదా కృపా?"

తలూపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. కృప మెడ వంగబోయింది. అంతలో గొంతు, ఎవరూ అడక్కుండానే, పిల్లలకి పాఠం చెప్పినంత తాపీగా అంది. "నా పిల్లలండీ. నా కడుపున పుట్టినవాళ్ళు."

కాగితాల మీద కృప ఎన్నో అబద్ధాలు రాసింది, తలతో ఆడింది. గొంతుకి మాత్రం ఒక్కటీ రాదు. దాన్ని ఇంట్లో వదిలి తనొక్కతే అబద్ధమాడుతూ తిరిగిందని అప్పుడర్థమైంది ఆమెకి. ఆ తర్వాతి మాట కావాలనే అంది.

"పెళ్ళికాలేదని రాసింది నేనేనండి. మా అమ్మకి కళ్ళు బాగానే ఉన్నాయి."

విజయకుమారి గారు కోపం చేసినా బాగుండేది. "ప్రతి శుక్రవారం ప్రేయర్లో మీ అమ్మ కళ్ళ కోసం నలభైమంది పిల్లల చేత ప్రార్థన చేయించాను కదే" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కృప ఆ శుక్రవారాలన్నీ వాళ్ళతో కలిసి మోకాళ్ళ మీద ఉంది. ఆమేన్ అనడానికి గొంతు లేదని సరిపుచ్చుకుని, పెదాలు కదిపింది. ఇప్పుడు నేల చీలిపోతే బాగుండుననిపించింది. బందరు గచ్చునేలలు అంత తేలిగ్గా చీలవు.

మార్కులు నూటికి ఎనభై ఎనిమిది పడ్డాయి. వారం తిరక్కుండా సీటు పోయింది. రూలు రూలే అన్నారు, కృప కూడా కాదనలేదు. ట్రంకుపెట్టె నాంచారమ్మ రిక్షా దాకా మోసుకొచ్చింది. రిక్షా కదలబోతుంటే విజయకుమారి గారు వచ్చి ఒక కవరు చేతిలో పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయారు. అది అరుణకుమారి గారు రాసిన ఉత్తరం. గుడివాడలో ఏఎన్ఎం ట్రైనింగు పద్దెనిమిది నెలలు, పెళ్ళయినవాళ్ళని కూడా తీసుకుంటారు, జూన్లో వచ్చి కనబడమని. టోపీ పెట్టుకుని వార్డులు ఏలే నర్సు కాదు. సైకిలేసుకుని ఊళ్ళు తిరిగి టీకాలేసే నర్సు. "బతకడానికి అది చాల్లే" అంది ఎస్తేరు. కృప దానికీ కాదనలేదు.

గుడివాడలో కాపురం పెట్టాక గొంతు మళ్ళీ ఇంట్లో ఆగలేదు. కృప ఎక్కడికెళ్తే అక్కడికే వచ్చేది. ఇక పిల్లల్ని బళ్ళో వెయ్యక తప్పదు. జూన్ పదిహేనో తారీఖున ఇద్దరికీ తలకి నూనె రాసి, గట్టిగా జడలేసి తీసుకెళ్ళింది. హెడ్మాస్టరు కాంతారావు గారు షారోను మార్కుల కాగితం చూసి, "ప్రైవేటుగా కట్టి ఇన్ని మార్కులా! ఇంట్లో ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. ఎనిమిదో తరగతి రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని షారోనునే అడిగారు.

"ఈవిడ నీకేమవుతారు?"

షారోను తల పక్కకి తిప్పి కృప మొహంలోకి చూసింది. ఈ ఊళ్ళో ఏమనాలమ్మా అని అడుగుతున్న చూపు అది. దిగులు కాదు, నిష్ఠూరం కాదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికి సిద్ధంగా నిలబడ్డ పిల్ల చూపు. తర్వాత పాతికేళ్ళపాటు కృపాకుమారి ఎన్నో పురుళ్ళు పోసింది, చాలామంది దండాలు అందుకుంది. ఆ చూపు మాత్రం ఏ దండంతోనూ చెరిగిపోలేదు.

గొంతు ఆమె దగ్గరే ఉంది. ఒక్క మాటంటే అయిపోయేది. అనలేదు. ఈ జవాబు ఆ పిల్లది. తన కూతురి నోటినుంచి తీసేసుకున్నదాన్ని మళ్ళీ తనే చెప్పేస్తే, ఇచ్చినట్టు కాదు. చేతులు కట్టుకుని, మాస్టారు ముందు తప్పుచేసిన పిల్లలా నిలబడి ఎదురుచూసింది.

బ్యూలా అక్క జడ పట్టుకుని లాగింది. షారోను మాస్టారి వైపు తిరిగింది.

"అమ్మండి" అంది, తప్పయితే దిద్దుతారేమోనన్నంత నెమ్మదిగా. ఎవరూ దిద్దలేదు. ఇంకోసారి, కొంచెం గట్టిగా అంది. "మా అమ్మండి."

కాంతారావు గారు రాసుకుని, రిజిస్టరు ఇటు తిప్పి వేలితో చోటు చూపించారు. కృపాకుమారి తలెత్తకుండా సంతకం పెట్టింది.