లాగాల్సిన చోట నిమిరితే

మా ఆయన రిష్ మంచివాడే. తాగడు, అరవడు, ఆదివారం బార్లీ సూప్ తనే కాస్తాడు. నాకున్న ఇబ్బందల్లా ఒక్కటే. చలికాలంలో నేను మంచులోంచి ఇంట్లోకి వస్తే, "తలుపు వెయ్యి, వేడి పోతోంది" అంటాడు. అదే ఆ రైఫిల్‌ని నేలమాళిగలోంచి తెచ్చినప్పుడు ముందు మెట్ల మీద కాసేపు, తర్వాత నడవాలో కాసేపు ఆనించి ఉంచి, అప్పుడుగానీ వంటింట్లోకి తీసుకురాడు. ఒక్కసారిగా వెచ్చటి గాలి తగిలితే ఇనుముకి చెమట పడుతుందట. నాకు పట్టినా ఫరవాలేదు, నేను తుప్పు పట్టను కదా.

ఆ రైఫిల్ మా మామగారిది. యుద్ధం రోజుల్లో కనుమ దగ్గర కాపలా కాస్తూ మోశారు. మిగతా పాత రైఫిళ్లకి కొత్త గుండు ఎక్కించాలంటే ప్రతిసారీ బోల్టు పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ కిందికి దించాలి. దీనికి ఎత్తడాలూ దించడాలూ లేవు. వెనక్కి, ముందుకు, అయిపోయింది. పడుకుని కాల్చేటప్పుడు మోచెయ్యి నేల మీంచి కదలక్కర్లేదు. ట్రిగ్గరైతే వేలు ఊహించుకునేలోపే పనైపోతుంది. ఇవన్నీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీ ఇవ్వకముందే చెబుతాడు. నన్ను పరిచయం చేసేటప్పుడు మాత్రం, "ఈవిడ సెరైనా" అని ఊరుకుంటాడు.

ఎవరూ పొరపాటున పేల్చకుండా రైఫిల్ ఒక చోట, బోల్టు ఒక చోట దాచడం మా దగ్గర అందరిళ్లలోనూ ఉన్నదే. మా ఇంట్లో ఆ బోల్టు ఉండేది నా దుప్పట్ల బీరువాలో, పెళ్లికి మా అమ్మ కుట్టిచ్చిన దిండు గలీబుల మధ్య. వాటికి ఇప్పుడు గ్రీజు వాసన.

ఇంత గొప్ప రైఫిల్‌కీ ఒక జబ్బు ఉంది. మే నెలాఖరున ఊరూరా జరిగే షూటింగ్ పండుగలో చివరి ఆరు గుండ్లూ ఒక్క నిమిషంలో కాల్చాలి. సరిగ్గా అక్కడే పేలిన గుండు ఖాళీ తొడుగు బయటికి ఎగరకుండా లోపల అడ్డం పడుతుంది. మంచి గురికి ఇచ్చే ఆకుదండ బిళ్ళ గెలవాల్సిన రిష్, సాసేజ్ తిని ఇంటికొస్తాడు. మొదట్లో గాలిని తిట్టాడు. తర్వాత గుండ్లని. ఆ తర్వాత తప్పు నా మీదికొచ్చింది.

"నీ గలీబుల గంజి పొడి బోల్టులోకి వెళ్తోంది" అన్నాడు.

ఈ మాట మా ఆడపడుచు మెంజా చెవిన పడింది. రిష్‌కి అక్క ఆవిడ. ఊళ్లో ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలోనూ ఆవిడంత గురి ఉన్నవాళ్లు తక్కువ. అయినా మామగారు పోతూ పోతూ రైఫిల్ కొడుక్కిచ్చి, కూతురికి ఆవు మెడలోని పెద్ద గంట ఇచ్చారు. ఆ గంటని ఆవిడ వాకిట్లో వేలాడదీసింది. మేం వెళ్లినప్పుడల్లా అది నా తలకే తగులుతుంది. రిష్‌కి ఎందుకు తగలదో నాకు తెలీదు.

ఈస్టర్ భోజనాల దగ్గర ఆవిడ తేల్చేసింది.

"తమ్ముడూ, ఈసారి కూడా ఇరుక్కుంటే నాన్న రైఫిల్ నాకిచ్చెయ్. మా ఇంట్లో నూనెగుడ్డ ఉంది, గంజి లేదు."

"ఇరుక్కుంటే తీసుకెళ్లక్కా. ఈ ఇంట్లో ఉంటే అది బాగుపడేలా లేదు" అన్నాడు రిష్, నా వైపు చూడకుండా.

నిజానికి నేను ఎగిరి గంతెయ్యాలి. పీడ విరగడవుతుంది. కానీ ఆ పోయేది పతివ్రతలా పోతుంది, పాడుచేసినదాన్ని నేనవుతాను. మా లోయలో ఆ రైఫిల్ మాట వచ్చినప్పుడల్లా, "ఆ సెరైనా గంజి పెట్టి చెడగొట్టిందే, అదా?" అంటారు. పోతే పోనీగానీ, నా మీద నింద వేసి పోవడమేమిటి?

పండుగ రోజు రిష్ కాల్చాడు. నేను వెనకాల నిలబడి, గురిని కాకుండా అతని చేతిని చూశాను. పిడిని రెండు వేళ్లతో, నిద్రపోతున్న బిడ్డ గది తలుపు తీసినట్టు లాగుతున్నాడు. చివరి నిమిషంలో నాలుగో గుండు తర్వాత రైఫిల్ మూగబోయింది.

మెంజా చేతిలోని సాసేజ్ పళ్లెం పక్కన పెట్టింది. "తీసుకెళ్లనా, తమ్ముడూ?"

"ఉండండి వదినా, నా వంతుంది" అన్నాను. మా ఊళ్లో ఆ రోజు రొట్టెలు కాల్చేవాళ్లు కూడా కాలుస్తారు. ఏటా నేను క్లబ్బువాళ్లిచ్చే కొత్త తుపాకీతోనే పని కానిస్తాను. "ఈసారి నాకు అదివ్వు, రిష్."

"దీన్నా? నువ్వా?" రిష్ దాన్ని గుండెకి హత్తుకున్నాడు. "సరే. కానీ మెల్లగా లాగు."

పడుకున్నాను. చివరి నిమిషం మొదలైంది. మెట్ల మీద దాని విశ్రాంతి, నా గలీబుల గ్రీజు, వచ్చినవాళ్ల ముందు దాని భజన, అన్నీ గుర్తు తెచ్చుకుని, సవతి జుట్టు పట్టుకున్నట్టు లాగాను. బోల్టు ముక్కు దాకా వచ్చింది. ఖాళీ తొడుగు ఎగిరి, పక్కన మోకాళ్ల మీదున్న కాల్పులు పర్యవేక్షించే పెద్దాయన లూట్సి టోపీ మీద పడింది. మళ్లీ లాగాను. మళ్లీ టోపీ.

"అమ్మా సెరైనా, శత్రువు అటున్నాడు, నేను కాదు!" అన్నాడు లూట్సి.

ఆరూ పేలాయి. సగం లక్ష్యానికి చుట్టం చూపుగా తగిలాయి, బిళ్ళ మాట దేవుడెరుగు. కానీ ఒక్కటీ ఇరుక్కోలేదు.

"ఏదో కలిసొచ్చింది" అంది మెంజా.

"అయితే రిష్ ఎలా లాగుతాడో ఒకసారి చూడండి" అన్నాను.

లూట్సి రైఫిల్ ఖాళీగా ఉందని చూసి రిష్‌కి ఇచ్చాడు. రిష్ రెండు వేళ్లతో మొదలుపెట్టాడు.

"లాగుతున్నావా, నిమురుతున్నావా?" లూట్సి పకపకా నవ్వాడు. "మిగతావాటికి పిడి పైకి తిప్పినప్పుడే తొడుగు పట్టు వదులుతుంది. దీనికి ఆ తిప్పుడు లేదు. వేడెక్కిందంటే అంటుకుపోతుంది, ఒక్క ఊపున పెరకాల్సిందే. ఇంత నాజూకుగా లాగితే లోపలే కూర్చుంటుంది."

మెంజా పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నాన్న లాగితే మా పశువుల కొట్టం దాకా వినబడేది" అంది మెల్లగా, ఎవరితోనూ కాకుండా.

"ముసలిది కదా, పాపం" అన్నాడు రిష్. "గట్టిగా లాగితే ఏమైనా అవుతుందేమోనని..."

కొండ ఎక్కేటప్పుడు నా భుజం ఊడొచ్చేలా లాగే మనిషి ఈయనే. ఆ క్షణంలో నాకు వచ్చిన ఈర్ష్యకి మరో ఆరు గుండ్లిచ్చినా సరిపోవు.

రిష్ తల వంచి, చెక్క మీద చెయ్యి వేసి, "తప్పు నాదే" అని గొణిగాడు.

"ఎవరితో చెబుతున్నావు?" అన్నాను.

అతను తలెత్తాడు. రైఫిల్‌ని బల్ల మీద పెట్టాడు. వాళ్లక్క వైపు చూశాడు, లూట్సి వైపు చూశాడు, చివరికి నా వైపు తిరిగాడు.

"నీతోనే, సెరైనా" అన్నాడు, సాసేజ్‌ల పొయ్యి దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా. "బీరువాది కాదు, గంజిది కాదు, నీది కాదు. తప్పు నాది."