ఫొటో మీద ఎర్ర చుక్క

ఆగస్టు ఎండకు తెల్ల స్తంభాల ఇంట్లో ఏసీ మొరాయించింది. అదీ ఆ అమెరికా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల సంఘాలు కొత్తవాళ్ళను ఎంచుకునే వారంలో, ఆఖరి రోజు పొద్దున. లామర్ టిడ్‌మోర్ ఏసీ పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెనక గుమ్మంలోంచి కింది గదికి దిగాడు. ముందు గుమ్మం తనలాంటివాళ్ళకు కాదని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసేలా చేయడం ఆ వీధి గొప్ప.

ఆ వీధిలో ఒక్కో ఇల్లూ ఒక్కో సంఘానిది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఇంటి గొట్టమూ ఆయనకు తెలుసు. ఈ ఏడు కూతురు రేలిన్ కూడా ఆ వీధిలోనే తిరుగుతోంది, ఎంపిక కోసం. రోజూ కొన్ని ఇళ్ళు వద్దనగా వద్దనగా ఆ పిల్లకు రెండే మిగిలాయి. ఒకటి ఇది, రెండోది వీధి చివరి ఇటుకల ఇల్లు. ఈ సాయంత్రం కార్డు మీద తనకు కావలసిన ఇళ్ళ పేర్లు వరసగా రాసి సంతకం పెట్టాలి. రేపు మైదానంలో కవర్లు విప్పుతారు. ఏ ఇల్లు వస్తే చదువు అయ్యేదాకా అదే.

రేలిన్‌కు ఈ ఇల్లే కావాలి. పద్నాలుగో ఏట తండ్రి వెంట వచ్చి, మెట్ల మీద చప్పట్లు కొడుతూ పాడుతున్న పిల్లల్ని చూసిన రోజు నుంచీ కావాలి.

కింది గదిలో గోడకు దుప్పటి కట్టి ఉంది. నిచ్చెన తగిలి ఒక మూల జారింది. వరసగా పిల్లల ఫొటోలు. కొన్నిటి మీద బంగారు నక్షత్రాలు. ఆ మొహాలు ఆయన ఎరిగినవే: బ్యాంకు మేనేజరు కూతురు, జడ్జి గారి మనవరాలు. వాళ్ళ అమ్మలూ అమ్మమ్మలూ ఒకప్పుడు ఈ ఇంటి పిల్లలే. అట్టడుగు వరసలో రేలిన్. నక్షత్రం లేదు. మొహం పక్కన ఎర్ర చుక్క.

ఎర్ర చుక్క. ఇంకెవరైనా విడమరిచి చెప్పాలా?

"లామర్ గారూ!" మార్లో మెట్లు దిగి పరుగున వచ్చింది. ఎంపికల పెత్తనం ఆ పిల్లదే. దుప్పటి చటుక్కున లాగి కట్టేసింది. "మీరేం చూళ్ళేదు కదా?"

"గొట్టం చూశానమ్మా. తుప్పు పట్టింది. ఇవాళ్టికి సర్దుతాను, ఎల్లుండి మారుస్తా."

"మీరు లేకపోతే ఉడికిపోయేవాళ్ళం! చల్లటి టీ తెమ్మంటారా?"

నవ్వింది. గేటు దగ్గర కుక్కకైనా వీళ్ళు ఇదే నవ్వు నవ్వుతారనుకున్నాడు.

మధ్యాహ్నం రేలిన్ ఆయన ట్రక్కులో కూర్చుని, అద్దం తన వైపు తిప్పుకుని పెదాలకు రంగు వేసుకుంటోంది.

"ఆ ఇల్లు మనకొద్దు తల్లీ."

"మళ్ళీ మొదలెట్టావా డాడీ? నిన్న మార్లో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది తెలుసా?"

"ఏడవడం వాళ్ళకు వేసవిలోనే నేర్పుతారు. పైన గొట్టం బిగిస్తూ నా చెవులతో విన్నా."

"నీకెవరి మీద నమ్మకముంది గనక! పాస్టర్ గారు ప్రార్థనలో కళ్ళు మూసుకోరని కూడా అన్నావు."

"మూసుకోడు. చూశాగా."

"నువ్వు తెరిస్తేగా చూసేది!" పకపకా నవ్వబోయి తండ్రి మొహం చూసి ఆగింది. "ఏం చూశావు?"

చెప్పాడు. రంగు పుల్ల ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

"పోనీ, రెండు పేర్లూ రాస్తా. మొదట ఆ ఇల్లు, తర్వాత ఇటుకల ఇల్లు."

"కార్డు వాళ్ళ చేతికి పోదనుకున్నావా? తమది రెండో పేరని తెలిస్తే ఇటుకల ఇంటివాళ్ళు కూడా కొట్టేస్తారు. నీకు ఏ ఇల్లూ ఉండదు."

"కార్డులు ఎవరికీ చూపించబోమన్నారు డాడీ."

"అన్నారు. అనడానికేం?"

రేలిన్ అద్దాన్ని మళ్ళీ తండ్రి వైపు తిప్పేసింది. ఆ సాయంత్రం ఒక్క ఇటుకల ఇంటి పేరే రాసింది. మర్నాడు ఆ ఇంటి కవరే వచ్చింది. ఆనవాయితీ ప్రకారం అందరితో పాటు కొత్త ఇంటికి వీధి పొడవునా పరుగెత్తింది. తెల్ల స్తంభాల ముందుకొచ్చేసరికి మాత్రం తల వంచుకుంది.

ఆ మర్నాడు లామర్ గొట్టం మార్చడానికి వెళ్ళాడు. గోడ బోడిగా ఉంది. మార్లో ఫొటోలన్నీ చెత్త సంచిలో వేస్తోంది. ఈసారి నవ్వలేదు.

"రేలిన్‌కు మేం నచ్చలేదా లామర్ గారూ? మా జాబితాలో మొదట్లోనే పెట్టాం. అయినా రాలేదంటే తనే వద్దనుకున్నట్టు."

"మరి ఆ ఎర్ర చుక్క?"

"అయితే చూశారన్నమాట." నిట్టూర్చింది. "ఒకప్పుడు ఈ ఇంటి పిల్లలైన అమ్మగానీ అక్కగానీ లేనివాళ్ళకు పెట్టాం. నక్షత్రాలవాళ్ళ కోసం ఫోన్లు చేసే అమ్మలుంటారు. చుక్కలవాళ్ళ కోసం మేమే పోట్లాడాలి. అలాంటివాళ్ళు గోడ మీద ఆరుగురే ఉన్నారు."

ఏసీ మనిషితో మర్యాద మాటలనుకున్నాడు. ఆ పిల్ల మెట్లెక్కాక సంచిలో చెయ్యి పెట్టి కూతురి ఫొటో తీశాడు. వెనక నాలుగు రకాల చేతిరాత.

"వంటావిడను పేరు అడిగిన పిల్ల ఈమె ఒక్కతే."

"వాళ్ళ నాన్న మన లామర్ గారు! దాచలేదు, గర్వంగా చెప్పింది."

"వదులుకోవద్దు."

"ఎవరు కాదన్నా సరే, వదులుకోవద్దు."

రెండుసార్లు చదివాడు. చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు.

బయటికొస్తుంటే ఇటుకల ఇంటి అరుగు మీంచి రేలిన్ పిలిచింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఏమన్నారు డాడీ? నువ్వు చెప్పిందే నిజమా?"

కళ్ళలోకి సూటిగా చూశాడు.

"నేను చెప్పలా?" అన్నాడు.