ఇరుకు గది

అక్కాచెల్లెళ్ళిద్దరూ పొద్దున్నే స్టూడియో తెరిచి, టీ తాగి, పనిలో కూర్చునేవాళ్ళు. సినిమాలో ఏ శబ్దం చెవి పక్కన వినిపించాలో, ఏది వీపు వెనక నుంచి రావాలో సర్దడం వాళ్ళ పని. స్టూడియో పెట్టింది అక్క. చెల్లెలికి ఓనమాలు దిద్దించిందీ అక్కే. కానీ చెల్లెలు ఒక గొంతుకి కాస్త ప్రతిధ్వని కలిపితే చాలు, గోడలు ఆ మేరకు వెనక్కి జరిగేవి. గుహ అంటే గుహంత, లోయ అంటే లోయంత. పనయ్యాక మళ్ళీ యథాస్థానానికి వచ్చేవి. వచ్చినవాళ్ళు "తలుపు దాకా నడవలేక చస్తున్నాం" అని విసుక్కునేవాళ్ళే తప్ప ఇదేంటని అడిగేవాళ్ళు కాదు.

అక్క ఎంత కలిపినా గోడ అంగుళం కదిలేది కాదు.

ఒకరోజు ఒక దర్శకుడు వచ్చాడు. లోయ అవతలి నుంచి తల్లి బిడ్డను పిలిచే సన్నివేశం.

"చిన్నమ్మాయి చేత చేయించండి" అన్నాడు, అక్క మొహం మీదే.

అక్క పైకి మాత్రం నవ్వింది.

చెల్లెలు పని ముగించి భోజనానికి వెళ్ళగానే అక్క ఆమె కుర్చీలో కూర్చుంది. కలిపిన ప్రతిధ్వనినంతా ఊడబీకింది. వెనక నుంచి, పక్కల నుంచి వచ్చే శబ్దాలన్నిటినీ లాక్కొచ్చి ఎదురుగా ఒక్కచోట కుప్పేసింది. 'ఇప్పుడు వినమను, చిన్నమ్మాయి గొప్పతనం' అనుకుంది.

సాయంత్రం ముగ్గురూ కూర్చుని విన్నారు. గోడలు ఈసారి లోపలికి జరిగాయి. కుర్చీలు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. దర్శకుడి మోకాళ్ళు బల్లకి తగిలాయి. తల్లి సరిగ్గా చెవి దగ్గర ఊపిరి పీల్చుకుని "రా నాన్నా" అంది.

దర్శకుడు కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ బిడ్డకి ఇలాగే వినపడుంటుంది. నీ చేతులు బంగారం, చిన్నమ్మాయీ!"

చెల్లెలు తెరకేసి చూసింది. "నా చేతులు కావండీ. అక్క మార్చింది."

ఎందుకు మార్చావని మాత్రం అడగలేదు. నలుగురిలో కడిగేసినా బాగుండేదనిపించింది అక్కకి. సినిమా మొత్తం అక్కకే అప్పజెప్పి వెళ్ళాడు దర్శకుడు. మెచ్చుకున్న ప్రతి మాటా, చెల్లెలి మంచితనం తనకి లేదే అన్న కుళ్ళుతో కలిసి, చేదుగా దిగింది.

గోడలు మళ్ళీ వెనక్కి పోలేదు. చెల్లెలు ఎన్ని లోయలు కలిపినా కదల్లేదు. జనం అక్క కోసమే రాసాగారు. ఆ ఇరుకులో ఇద్దరూ భుజం భుజం ఒరుసుకుంటూ పని చేశారు.

"కాస్త జరగవే" అంది అక్క ఒకరోజు.

"ఎక్కడికి జరగనక్కా?"

అక్క తన మోచేతినే దగ్గరికి లాక్కుంది.