మొఖం మీద గురి

మా తమ్ముడు సిద్ధు ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో ఒక గదిలో కూర్చుని వీడియోగేములు ఆడుతూ, అది లోకానికి చూపించడాన్ని ఉద్యోగం అంటాడు. లోకమంటే ఓ ఆరేడు వందల మంది. మొన్న వానాకాలం నస్పూర్‌లోని మా కంపెనీ క్వార్టర్‌కు వచ్చినప్పుడు బట్టలు మరిచిపోయాడు గానీ, గేమ్ మిషన్‌ను మాత్రం పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

మా ఆయన విజయేందర్ బొగ్గుబాయిలో భూమి లోపల పనిచేస్తాడు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, టీవీలో బామ్మర్ది తుపాకీ కాల్చడం చూసి నోరు తెరిచాడు. "నేనూ ఆడుత" అన్నాడు. ఇంట్లో ఒక పిల్లాడు చాలడని దేవుడు ఇంకొకణ్ణి ఇచ్చాడనుకున్నాను.

సిద్ధు గురువు అవతారం ఎత్తాడు. "బొటనవేలితోని గురి జూసుడు పాత ముచ్చట బావా. గీ కంట్రోలర్ల సెన్సార్ ఉంటది. చేతులు ఎటు వంచితే తుపాకి గటే. దూరం తిరుగుడుకు బొటనవేలి కింద పుల్ల, సన్న గురికి మణికట్టు. గంతే."

"రిమోట్ వంచాలె. గంతేగదా?"

"రిమోట్ కాదు బావా, కంట్రోలర్!"

మా ఇంట్లో అది ఈ రోజుకీ రిమోటే.

మొదట్లో మా ఆయన మణికట్టు వంచమంటే నడుము వంచాడు. ఎడమవైపు శత్రువు కోసం తిరిగి తిరిగి చివరికి గోడవైపు మొఖం పెట్టి నిలబడ్డాడు. టీవీ వీపు వెనకాల ఉంది. ఒక బటన్ నొక్కిపెడితే గురి కదలకుండా ఆగుతుందని, ఆ సందున చేతులు సరిచేసుకుని మళ్లీ వదలాలని తమ్ముడు ఓపిగ్గా నేర్పాడు. ఓపిక ఎందుకంటే, పక్కన ఫోన్‌లో అంతా రికార్డవుతోంది.

నిజం చెప్పాలి, మా ఆయన నేర్చుకున్నాడు. డ్రమ్ములు పేల్చాడు, కిటికీలు పగలగొట్టాడు, పారిపోయేవాడి వీపును గుడ్డిగా కూడా కొట్టాడు. ఒక్కటే రాలేదు. శత్రువు ఎదురుగా తిరిగి మొఖం చూపిస్తే చాలు, ఈయన తల కిందికి వంగేది. తలతోపాటు చేతులూ వంగేవి. తెరమీది గురిచుక్క జారిపోయి వాడి కాళ్ల దగ్గర పడేది. గుండ్లన్నీ నేలకు. వాడు తీరిగ్గా ఈయన్ను చంపేవాడు.

సిద్ధు ఆ ముక్కలన్నీ అతికించి 'బావ దండాలు' అని పేరుపెట్టి నెట్‌లో వదిలాడు. తమ్ముడి జీవితంలో మొదటిసారి లక్ష మంది చూశారు. వాళ్లలో మా కాలనీ మొత్తం ఉంది. క్యాంటీన్‌లో మా ఆయన చాయ్ కోసం నిలబడితే, సమ్మయ్య అనే తోటి పనివాడు ఆయన కాళ్లకు వంగి దండం పెట్టాడట. బస్సులో, కూరగాయల దగ్గర, అంతటా దండాలే. నవ్వుతూనే ఇంటికొచ్చేవాడు, కానీ అన్నం సగంలోనే లేచేవాడు.

"సిద్ధూ, గా వీడియోలు తీసెయ్యిరా. పరేషాన్ అయితుంది" అన్నాడు ఒకరోజు.

"గెలిచి తీసేపియ్యి బావా. ఐతారం లైవ్ పెడుత. మనిద్దరం ఒకే టీవీ మీద, చెరో సగం. ముందుగాల ఎవలు పదిసార్లు సంపితే వాళ్లే గెలిచినట్టు. నువ్వు గెలిస్తే అన్నీ తీసేస్త. ఓడితే వారం వారం నాతోని వీడియో జెయ్యాలె. కావాల్నంటే నీ షిఫ్టోళ్లందర్నీ తెచ్చుకో, నీ దిక్కు ఎవలాడినా ఓకే."

ఈయన సరేనన్నాడు. నాకు మాత్రం నమ్మకం లేదు. అందుకే ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోయాక, తమ్ముడు గురకపెడుతుంటే, కుక్కర్ స్టవ్ మీద పెట్టి నేను రిమోట్ పట్టుకున్నాను. వంట చేసే చేతికి మణికట్టు తిప్పడం ఒకరు నేర్పాలా?

ఆదివారం వచ్చింది. తమ్ముడు రంగురంగుల లైట్లు పెట్టి, ఫోన్‌ను స్టాండుకు తగిలించి, కొత్త పెళ్లికొడుకులా తయారయ్యాడు. ఆట మొదలైంది. వాడికి బావ జబ్బు తెలుసు కదా, దాక్కోలేదు, పరుగెత్తలేదు. నేరుగా ఎదురొచ్చి మొఖం చూపించి నిలబడ్డాడు. మా ఆయన నేలను కాల్చాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ నేలే. ఏడుసార్లు చచ్చాడు మా ఆయన, ఒక్కసారీ చంపలేదు.

"లోకమంత అడుగుతున్నరు బావా! మొఖం గనవడంగనే దండమెందుకు వెడ్తవ్?"

మా ఆయన నుదురు తడుముకున్నాడు. "బాయి లోపల ఎదురుంగ మనిషి అస్తే నెత్తి దించుతం రా. మన టోపి లైటు ఆయన కండ్లల్ల గొడితే జరసేపు ఏం గనవడది. కింద పట్టాలుంటయ్, గుంతలుంటయ్. గా అలవాటేనేమో."

తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నరా! ఇగ ఇయ్యాల్టి సంది లైటు బావ!" ఫోన్‌లో నవ్వుల బొమ్మలు వరదలా పారాయి. వాడి గదికి కరెంటు ఎక్కడి బొగ్గుతో వస్తుందో ఆ లక్షమందిలో ఒక్కడు కూడా అడగలేదు. నా ఒళ్లు మండిపోయింది.

"ఇటియ్యి రిమోట్" అన్నాను.

"అక్కా, నువ్వా?"

"ఎవలాడినా ఓకే అన్నవ్ గదరా."

వాడు నవ్వు ఆపకుండానే అలవాటుగా ఎదురొచ్చి మొఖం చూపించాడు. ఎదుటి మనిషిని చూసి తల దించే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు, కావాలంటే మా అత్తనడగండి. రెండు కళ్ల మధ్య కొట్టాను. వాడు లేచి వచ్చాడు, మళ్లీ అక్కడే. అప్పుడు మొదలుపెట్టాడు దాక్కోవడం. పీపాల వెనక, గోడల వెనక, మెట్ల కింద. వెతికి వెతికి కొట్టాను. మధ్యలో రెండుసార్లు నేనూ చచ్చాను గానీ, పదో చావు మాత్రం ముందుగా వాడికే దక్కింది. నా తమ్ముడి మొఖం టీవీలోకంటే బయట ఇంకా అధ్వానంగా ఉంది.

వీడియోలు నా కళ్ల ముందే తీసేయించాను. వాడు అరగంట అలిగి, తర్వాత సిగ్గులేకుండా "అక్కా, నువ్వే వారానికొకటి జెయ్యరాదూ" అన్నాడు. వాడి సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాను.

మరునాడు తమ్ముడు మిషన్ సర్దుకుని బయల్దేరకముందే, డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన మళ్లీ టీవీ ముందు కూర్చున్నాడు. గేమ్‌లో కదలకుండా నిలబడే బొమ్మ మనిషి ఒకడుంటాడు, గురి నేర్చుకోవడానికి. వాడి ముందు నిలబడి చుక్కను పైకి లేపుతున్నాడు, అది మెడ దాకా పోయి జారిపోతోంది.

"ఒక్కపారన్న మొఖం మీద గొట్టాలె శ్యామలా. చేతులు మాట ఇంటలేవు."

రేపు పొద్దున ఈయన లోపలికి దిగుతాడు, చీకట్లో ఎవరో ఒకరు ఎదురొస్తారు. అప్పుడు ఈ తల దిగకపోతే? అది తలుచుకుంటే నాకు భయమేసింది. రిమోట్ చేతిలోంచి తీసుకుని టీవీ ఆపేశాను.

"నువ్వు నేర్సుకోకు" అన్నాను. "మొఖం మీద గొట్టేటందుకు ఇంట్ల నేనొక్కదాన్ని సాలు."