హెడ్డు గొంతు, దొంగ గొంతు

ముప్పై ఏళ్ల కిందట మద్రాసు కోడంబాక్కంలోని ఒక డబ్బింగ్ థియేటర్లో, ఒకే మైకు ముందు నిలబడి, కోదండరాం, వరదయ్య ఒక తమిళ సినిమాకు తెలుగు గొంతులిచ్చారు. ఒకే బేడీలో చెరో చెయ్యీ ఇరుక్కుపోయిన హెడ్ కానిస్టేబులూ జేబుదొంగా తిట్టుకుంటూ ఊళ్లు తిరిగే కథ. హెడ్డుకు కోదండరాం, దొంగకు వరదయ్య. అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఇవాళ ఆ మాటలు అప్పజెబుతారు. పండగొస్తే టీవీలో అదే, ఫోన్లలో ముక్కలు ముక్కలుగా అదే.

ముప్పయ్యో ఏడని తెలుగు సంఘం వాళ్లు ఆ సినిమా మళ్లీ వేస్తున్నారు. "మీరిద్దురూ స్టేజీ ఎక్కాల సార్, వరదయ్య గారిని మీరే పిలవండి" అన్నాడు కార్యదర్శి మోహన్‌రాజ్. ఇద్దరికీ ఇరవై ఎనిమిదేళ్లుగా మాటల్లేవని అతనికి తెలియదు.

కోదండరాం బస్సెక్కి మాధవరం పాల కాలనీకి వెళ్లాడు. వరదయ్య పాల బూత్‌లో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. గొంతు మాత్రం అదే.

"ఏం కావాల?"

"నేన్రా, కోదండాన్ని."

"తెలస్తానే ఉండాది. ఏం కావాలని అడగతా ఉండా."

కోదండరాం సభ సంగతి చెప్పాడు. ఆ తర్వాత కాసేపు నసిగి, "రెండో భాగం తీసేటప్పుడు, నీ గొంతు పొయ్యిందని ప్రొడ్యూసరుతో చెప్పింది నేనేరా" అన్నాడు.

"అప్పుడే తెలుసు. స్టూడియో మేనేజరే చెప్పినాడు." వరదయ్య ప్యాకెట్లు సర్దుతూనే ఉన్నాడు. "ఎందుకు చెప్పినావో, అదే తెలీలా."

"హాల్లో నవ్వులన్నీ నీకే పడతా ఉండె. నేనెంత అరిచినా నాకు ఒక్కటీ..."

వరదయ్య చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఏదో పెద్ద కారణమే ఉంటుందనుకున్న మనిషి ముఖం అది.

"దానికా? గొంతు పొయ్యినోడని ఆ మాట స్టూడియోలన్నీ తిరిగింది. ఆర్నెల్లకి ఈడొచ్చి కూచున్నా. నన్నడిగుంటే నీ హెడ్డుకి నాలుగు నవ్వులొచ్చేట్టు నేనే మాటలు సర్దుండనా?"

కోదండరాం సభ కార్డు తీసి ప్యాకెట్ల పక్కన పెట్టాడు.

"సభకొస్తాలే," అన్నాడు వరదయ్య. "జనం కోసరం."

ఆదివారం హాలు నిండిపోయింది. ఇద్దరూ లాకప్ సీను చెప్పారు. వరదయ్య నోరు తెరవగానే జనం ఈలలేశారు. ఒక చోట కోదండరాం మాట మరచిపోయి తడబడితే, వరదయ్య దొంగ గొంతుతోనే, "హెడ్డు గారికి నా మీద ప్రేమెక్కువై నోట మాట రాలా" అని అందుకున్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. ఈసారి ఆ నవ్వు కోదండరాంకే పడింది.

సినిమా చివర హెడ్డు బేడీ విప్పినా దొంగ పారిపోడు, వెనక్కొచ్చి కౌగిలించుకుంటాడు. జనం లేచి నిలబడి అది కూడా కావాలని కేకలు పెట్టారు. వరదయ్యే ముందుకొచ్చి కోదండరాంని గట్టిగా పట్టుకున్నాడు. కోదండరాంకి ఏడుపు ఆగలేదు. క్షమించాడనుకున్నాడు.

"ఇది వాళ్లకిరా, నీకు కాదు," అన్నాడు వరదయ్య అతని చెవిలో. "చాలు, వదులు."

కప్పిన శాలువా కుర్చీ మీదే వదిలేసి, భోజనానికైనా ఆగకుండా వరదయ్య వెళ్లిపోయాడు.

మర్నాటికల్లా ఆ కౌగిలి వీడియో ఊరంతా తిరిగింది. కోదండరాం మనవరాలు చాందిని ఫోను పట్టుకొచ్చింది.

"సెమ్మ తాతా, సూపర్! రెండు లక్షల మంది చూసినారు. ఇంత ఫ్రెండ్సా మీరు? ఒక్క దినమైనా చెప్పలేదే! చెవిలో ఏం చెప్పినారు ఆయన?"

కోదండరాం ఫోను వైపు చూడలేకపోయాడు.

"మనింటికి భోజనానికి వస్తానన్నాడమ్మా."

చాందిని ఆ మాట అప్పటికప్పుడే వీడియో కింద రాసింది. సాయంత్రానికి దాని కింద వందల మంది దండాలు పెట్టారు. స్నేహమంటే ఇదీ అన్నారు.