భీమక్క పోగు

ఊరికి వచ్చింది ఒక్కటే పుస్తకం. ఇళ్ళేమో పదకొండు.

పుస్తకం తెచ్చిన గ్రంథాలయం అమ్మాయి శ్రావణి అంతా వివరంగానే చెప్పింది. ఈ రెండు నెలలూ జిల్లాలో ఊరూరా ఇదే చిన్న నవల చదువుతారు, ఆ తర్వాత సారపాకలో పోటీ ఉంటుంది, కథను ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చెప్పొచ్చు, పాట కట్టొచ్చు, బొమ్మ గీయొచ్చు. ఒకరు చదివాక ఇంకొకరికి ఇవ్వాలని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాలని ఆమెకు తట్టలేదు పాపం.

ఊరి పెద్ద దూలయ్యకు ఒకటే పద్ధతి తెలుసు. మేకను కోసినా, వాగులో చేపలు పట్టినా ఇంటికో పోగు పెట్టాల్సిందే. పుస్తకానికి వేరే న్యాయం ఎందుకుంటుంది? అట్ట ఊడదీసి, కాగితాలు విడదీసి, చాప మీద పదకొండు పోగులు పెట్టాడు. పోగుకు నాలుగు కాగితాలు. మేక తలకాయ పెద్దకు పోయే లెక్కన అట్ట దూలయ్యకే పోయింది.

ఆరో పోగు ముసలి భీమక్కది. అక్కడ డిగ్రీ చదివిన రవీందర్ నోరు తెరిచాడు. "భీమవ్వకు చదువు రాదు గదా, ఒక్కతే ఉంటది. ఆమె పోగు మా ఇంట్ల కలుపుకుంటం తియ్యి."

అతను మంచికే అన్నాడు. భీమక్కకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఏందిరా, నా ఇల్లు ఊర్ల లేదా? నాకు నోట్ల పండ్లు లెవ్వని మేకను కోసిననాడు నా పోగు గూడ నువ్వే తిన్నవా?"

అందరూ నవ్వారు. నవ్వితే ఊరుకునే మనిషైతే ఆమె భీమక్క ఎందుకవుతుంది? నాలుగు కాగితాలూ కొంగులో కట్టుకుని, ఇంకో మాట కూడా అనేసింది. "పోటీనాడు నా పోగు నేనే చెప్త. చెప్పకుంటె నా ఇంటిని లెక్కలకెల్లి తీసెయ్యుండి."

అన్నది కానీ, ఇంటికొచ్చి కాగితాలు విప్పితే అన్నీ నల్ల చీమలే. ఊళ్ళో ఎవర్నైనా చదవమని అడిగితే రవీందర్ మాటే నెగ్గినట్టవుతుంది. చచ్చినా అడగదు.

అది తునికిపళ్ళ కాలం. రోజూ గంపెడు పళ్ళు ఏరి సారపాక బస్టాండులో ఆకు దొప్పల్లో పెట్టి అమ్మడం ఆమె పని. మర్నాటి నుంచి కొత్త బేరం మొదలైంది. కాగితం అటూ ఇటూ చదివి వినిపిస్తే ఒక దొప్ప ఊరికే.

మొదటి కాగితం ఒక టీచరు చదివింది. పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు ప్రతి మాటా రెండుసార్లు పలికింది. భీమక్కకు అదే మేలైంది, వెంటనే నోటికొచ్చేసింది. రెండోది ఫోన్ల కొట్టు అబ్బాయి రైలు తోలినట్టు చదివితే మూడుసార్లు మళ్ళీ చదివించింది. మూడోది చదివిన దవాఖానా నర్సు మధ్యలో ముక్కు చీదుకుంది. చీదుకోదూ మరి! పడవ నడిపే చుక్కమ్మ అనే పిల్ల, నొప్పులు పడుతున్న గర్భిణిని వరద గోదావరిలో అవతలి ఒడ్డుకు చేర్చాలని బయలుదేరింది.

పోటీ ఇంకో వారం ఉందనగా నాలుగో కాగితం, షిఫ్టు దిగి పాల్వంచ బస్సు కోసం నిలబడ్డ మిల్లు మనిషి చేతిలో పడింది. ముందు పక్క చక్కగా చదివాడు. తిప్పాడు. "పడవ తాడు తెగింది. చుక్కమ్మ..." అన్నాడు. బస్సు వచ్చింది. ఒక చేత్తో దొప్ప, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని ఎక్కేశాడు.

"బిడ్డా, నా కాగితం!" అని బస్సు వెంట అరిచింది భీమక్క. బస్సు ఆగలేదు.

ఆ వారమంతా ఆమెకు అన్నం సహించలేదు. పాల్వంచ బస్సు వచ్చిన ప్రతిసారీ దిగినవాళ్ళ మొహాలు వెతికింది. షిఫ్టు మారిందో ఏమో, ఆ మనిషి మళ్ళీ కనబడలేదు. ఇక మిగిలిన కథ తానే అల్లుకుంది. చుక్కమ్మ చీర చింపి తాడు పేనిందట, చెట్టుకు విసిరిందట. బాగానే కుదిరింది కూడా. కానీ మాంసం ముక్క తగ్గిందని దుంప కలిపి పోగు పెడితే తను ఒప్పుకుంటుందా? ఆ ఆలోచన వచ్చాక అల్లిన కథ కూడా చేదైపోయింది.

పోటీ రోజు సారపాక ఫంక్షన్ హాలు నిండిపోయింది. ఒక ఊరివాళ్ళు వెదురు పడవ చేసి తెచ్చారు, ఇంకో ఊరి ఆడపిల్లలు పాట కట్టి ఆడారు. వీళ్ళ వంతు రాగానే పదకొండు మంది వరసగా నిలబడ్డారు, ఎవరి పోగు వాళ్ళ చేతిలో పట్టుకుని. శ్రావణి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, పుస్తకం కోసేశారా?"

"ఇంటికింత రావాలె గద మేడం," అన్నాడు దూలయ్య, ఇది కూడా అడుగుతారా అన్నట్టు.

ఐదు పోగులు అయ్యాయి. మైకు భీమక్క చేతికొచ్చింది. చూడకుండా చెప్పుకుపోయింది. గర్భిణి మూలిగితే తను మూలిగింది, చుక్కమ్మ తెడ్డు వేస్తే భుజం తిప్పింది.

"తాడు తెగింది," అంది. ఆగింది.

అల్లిన కథ నాలుక చివరిదాకా వచ్చింది. రవీందర్ తననే చూస్తున్నాడు. భీమక్క ఆ కథను మింగేసింది.

"ఇంక నాకు తెల్వదు. ఎనకపక్క పాల్వంచ బస్సుల పోయింది."

హాలు ఘొల్లుమంది. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మైకు ఇచ్చేయబోయి, కోపం పట్టలేక మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది.

"గంత నవ్వుతుండ్రు గాని, ఆ పిల్ల బతికిందా లేదా? వారం సంది నాకు బువ్వ పోతలేదు!"

"బతికింది!" అన్నారెవరో. హాల్లో ఆ నవల చదవని మనిషి లేడు కదా! పాల్వంచ వరసల్లోంచి ఒకామె లేచి "వెదురు గడ అడ్డం పెట్టింది అవ్వా" అంటే, వెనక వరసలవాళ్ళు "గడ తర్వాత, ముందు పడవ రాయికి ఆనింది" అన్నారు. "పడవలనే కాన్పయింది!" "ఆడపిల్ల!"

"ఒక్కలొక్కలు చెప్పుండి. సంత చేస్తున్రా?" అని కసిరింది భీమక్క. వాళ్ళు చెప్పారు. ఆమె విన్నది. ప్రాణం కుదుటపడ్డాక అడిగింది, "మరి బొడ్డు దేంతోని కోసిన్రు?"

ఎవరికీ తెలియదు. శ్రావణి తన పుస్తకం తిరగేసి చూసింది. అందులో లేదు.

"రాసినాయన కాన్పు సూడలేదు," అని తేల్చేసింది భీమక్క. గడను చీల్చి పదునైన బద్ద ఎలా తీస్తారో, దారం ఎక్కడ కడతారో చేతులతో చూపించి, తల్లినీ బిడ్డనూ ఒడ్డు చేర్చాకే మైకు ఏడో ఇంటికిచ్చింది.

మొదటి బహుమతి వెదురు పడవకు పోయింది. వీళ్ళ ఊరికి దక్కింది ఒక ప్రశంసాపత్రం. ఎన్ని ఇళ్ళు చెప్పాయని శ్రావణి అడిగింది.

"పది రాయి బిడ్డా," అంది భీమక్క, ఎవరూ నోరు తెరవక ముందే. "నా పోగుల తక్కువ పడ్డది."

రవీందర్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "తక్కువ పడ్డదాన్ని హాలంతా కలిసి నింపింది గదా అవ్వా. నాది గూడ గట్ల ఎవలన్న విన్నరా?" శ్రావణి వైపు తిరిగాడు. "పదకొండు మేడం. ఇంటింటి పేరు నేను చెప్త, రాయుండి."

పేర్లన్నీ రాయడం అయ్యాక భీమక్క ఆ కాగితం మీదికి వంగి చూసింది. ఆమెకు చెప్పలేనంత సంతోషంగా ఉంది, అది ఎవరికీ కనబడనివ్వడం మాత్రం ఇష్టం లేదు.

"నాది యాడున్నది? సదువు. ఉత్తగ గాదు, మైకుల సదువు."

శ్రావణి మైకు అందుకుంది. "ఆరో ఇల్లు, భీమక్క ఇల్లు."

"అవ్," అంది భీమక్క. "అదే నా ఇల్లు."